మెయిన్ ఆపావా?

మీటరు అన్నది అతని అసలు పేరు కాదు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట వోల్టులు చూసే మీటరు పెట్టుకుని, దాని ఎర్ర తీగ, నల్ల తీగ గుండెల మీద వేలాడుతుండగా తిరుగుతాడని వీధివాళ్ళు పెట్టిన పేరు. పాతికేళ్ళుగా బళ్ళకు కరెంటు పని చేస్తున్నాడు. ఏడో తరగతి సగంలో మానేసినవాడికి ఇంత పని ఎలా పట్టుబడిందని ముక్కున వేలేసుకునేవాళ్ళు కొందరు. ఏడో తరగతి సగంలో మానేసినవాడి చేతికి బండి ఎలా ఇస్తామని మొహం తిప్పుకునేవాళ్ళు కొందరు. ఈ రెండో జట్టుకు నాయకుడు అతని సొంత బావ, అక్క మొగుడు.

అందుకే ఆ సోమవారం పొద్దున బావ తన ఇల్లుబండిని తెచ్చి షెడ్డు ముందు ఆపినప్పుడు మీటరు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టలేదు. లేచి ఎదురు వెళ్ళలేదు. వచ్చింది పనికో పరాచికానికో ముందు తేలనీ అనుకున్నాడు.

ఇల్లుబండి అంటే ఒక పాత మినీబస్సే. బావ ముప్పై మూడేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఊరందరినీ వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు చేర్చాను, ఇక నేను వెళ్తాను అని ఈ మినీబస్సు కొని, సీట్లు పీకించి, లోపల మంచం, పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు పెట్టించాడు. డ్రైవరు సీటు వెనక గోడ పొడవునా ఒక బల్ల, దాని మీద మెత్త. బల్ల కింద పెట్టెలో బ్యాటరీ. అక్క దాన్ని ఇల్లు అంటుంది. బావ బండి అంటాడు. ఒకే వస్తువుకు మొగుడూ పెళ్ళాం చెరో పేరు పెట్టుకుని, ఆ సంగతి ఇద్దరూ గమనించకుండా ఆరు నెలలుగా అందులో కాపురం చేస్తున్నారు.

అక్క దిగి వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. బావ దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, బస్సు ఇంకా బయల్దేరే టైము కాలేదన్నట్టు ఎదురుగా చూస్తూ ఉన్నాడు.

సంగతంతా అక్కే చెప్పింది. ఇంజను బాగానే ఉంది. ఇంటి బ్యాటరీకే చార్జి ఎక్కడం లేదు. పగలంతా బండి నడుస్తుంది, సాయంత్రం ఎక్కడో ఆగుతారు, లైటు వేసి ఫ్యాను వేస్తే రెండు గంటల్లో అన్నీ మసక. రెండో సాయంత్రానికి అసలు గుడ్డిదీపమే. దారిలో పాలు కూడా విరిగిపోతున్నాయి. ఇప్పటికి ముగ్గురు మెకానిక్కులకు చూపించారు. ముగ్గురూ తలో మాట చెప్పారు. ఆయనకు విసుగు పుట్టింది. పండ్ల వ్యాపారి ఒకాయన అడుగుతున్నాడట, బండిని కొట్టుగా మార్చుకుంటానని. శనివారం మధ్యాహ్నం తెచ్చి చూపిస్తానని మాటిచ్చేశాడు.

ఈ చివరి మాట చెప్పేటప్పుడు అక్క గొంతు మామూలుగానే ఉంది. చేతులే మామూలుగా లేవు. చీర కొంగు అంచును కాలరు మడిచినట్టు మడుస్తోంది. ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో ఆమె పని కాలర్లు కుట్టడం. కాలర్లు మాత్రమే. చొక్కాలు ఎవరో కుట్టేవాళ్ళు. ఫ్యాక్టరీలో ఎదురుగా గోడ. ఇంటికొస్తే, వాళ్ళ అద్దె గదికి ఉన్న ఒకే కిటికీలోంచి చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో పక్కింటి గోడ. నిద్ర లేవగానే కిటికీలో నిన్నటిది కానిది ఏదైనా కనిపించాలి, అంతకంటే నాకేం వద్దు అని ఆమె ఎప్పుడో ఒకసారి అంది. బావ అది గుర్తు పెట్టుకుని బండికి నాలుగు వైపులా కిటికీలు పెట్టించాడు. అద్దె గది ఇంకా వదల్లేదు, తాళం పడి ఉంది. బండి పోతే మళ్ళీ ఆ గోడే.

"ఆయన వద్దన్నాడు. నేనే లాక్కొచ్చాను," అంది అక్క. "నువ్వు చూస్తే తెలుస్తుందని."

వద్దని ఎందుకన్నాడో మీటరుకు చెప్పనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట, అప్పట్లో అక్కావాళ్ళున్న ఇంటికి వైరింగు చేసింది తనే. వాళ్ళు పెళ్ళికెళ్ళి మూడు రోజులకు తిరిగొచ్చేసరికి వంటగదిలో స్విచ్చిబోర్డు కాలి, పక్కనున్న చెక్క అలమర కాలి, గోడ సగం బొగ్గయింది. ఇరుగుపొరుగు పదిమంది గుమిగూడి ఉండగా బావ ఒక మాటన్నాడు: "ఏడో క్లాసు కూడా దాటనోడి చేత వైరింగు చేయిస్తే ఇల్లు కాలక వెలుగుతుందా." ఆ మాట మీటరుకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. ఆ రోజు తను కూడా ఏదో బదులు చెప్పాడు. ఏం చెప్పాడో మాత్రం గుర్తులేదు. ఆ మర్నాటి నుంచి బావను "నువ్వు" అనడం మానేసి "మీరు" అంటున్నాడు. మర్యాద పెరిగిందని అందరూ అనుకున్నారు.

మీటరు టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

బండిలోకి ఎక్కి బల్ల మీది మెత్త తీసి, పెట్టె మూత తెరిచి బ్యాటరీని చూశాడు. బల్ల పక్కన, తలుపు దగ్గర, నేలకు జానెడెత్తున ఒక ఎర్ర స్విచ్చి ఉంది, తాళంచెవిలా తిప్పేది. దాని పైన బండి కట్టినవాడు మార్కరుతో "మెయిన్" అని రాశాడు. స్విచ్చి వేసే ఉంది. మీటరు తీగలు పెట్టి చూశాడు. పదకొండున్నర. అంటే ప్రాణం గొంతులో ఉందన్నమాట. బావను ఇంజను వేయమన్నాడు. ఇంజను తిరిగింది, కింద రిలే టక్కుమంది, అంకె పాక్కుంటూ పన్నెండు దాటి, పదమూడు దాటి, పద్నాలుగు దగ్గర నిలబడింది.

అంటే ఎక్కుతోంది. శుభ్రంగా ఎక్కుతోంది.

ఇలాంటి బళ్ళలో రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి ఇంజను వేయడానికి, ఇంకోటి ఇంటికి. ఇంజను తిరిగినంతసేపూ ఒకే డైనమో ఆ రెండింటినీ నింపుతుంది. రెండింటి మధ్య తలుపు తీసి మూసేది రిలే. డైనమో బాగుంటే, రిలే బాగుంటే, తీగలు బాగుంటే, బ్యాటరీ నిండి తీరాలి. అన్నీ బాగున్నాయి. అయినా కొసలు విప్పి గరుకు కాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు రాసి, షెడ్డు ప్లగ్గు నుంచి తీగ లాగి సాయంత్రం దాకా చార్జింగు పెట్టి, కొసల్లో మట్టి ఉంది, తీసేశాను, తిరిగి రండి అని పంపాడు. బావ సెల్‌ఫోనులో ఎవరో బ్యాటరీల గురించి మాట్లాడుతున్న వీడియో గట్టిగా పెట్టుకుని వెళ్ళాడు. ఆ వీడియోలో మాట్లాడేవాడి గోళ్ళలో మట్టి లేదు. అలాంటివాళ్ళు చెబితే బావకు వేదం.

బుధవారం పొద్దున బండి మళ్ళీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. మంగళవారం సాయంత్రం దీపాలు పోయాయట. బావ ఈసారి దిగి, షెడ్డులోని స్టూలు మీద కూర్చుని, ఒక్క మాట కూడా అనకుండా నవ్వాడు. అనుంటే బాగుండేది.

మీటరు మీటరు పెట్టాడు. పదకొండు పాయింటు ఎనిమిది. ఇంజను వేయించాడు. పద్నాలుగు. బుర్ర గోక్కున్నాడు. రిలే వేడెక్కాక మొరాయిస్తోందేమోనని అనుమానం వచ్చింది. తీసి కొత్తది వేశాడు. బ్యాటరీ నిండా చార్జి ఎక్కించి, అక్కను, బావను షెడ్డులో కూర్చోబెట్టి, తనొక్కడే బండి తీసుకుని గంటసేపు రోడ్డు మీద తిరిగాడు. మీటరును అద్దం ముందు పెట్టుకుని, రోడ్డు మీద ఒక కన్ను, అంకె మీద ఒక కన్ను. గుంతల్లో దింపాడు, ఎత్తు ఎక్కించాడు, బ్రేకు కొట్టాడు. పద్నాలుగు పాయింటు ఒకటి. కదిలితే ఒట్టు. ఫ్రిజ్ తెరిచి చూస్తే పాలు చల్లగా ఉన్నాయి.

తిరిగొచ్చి బావతో, అయిపోయింది, రిలే చచ్చింది అన్నాడు. ఆ మాటలో కాస్త గర్వం కూడా కలిపాడు. బుధవారం మధ్యాహ్నం వాళ్ళు ఎక్కడో డ్యామ్ దగ్గర ఉంటామని వెళ్ళారు. గురువారం సాయంత్రం ఫోనొచ్చింది. అక్క. మెల్లగా మాట్లాడుతోంది, పక్కనున్న మనిషికి వినపడకుండా. లైట్లు పోయాయి రా, అంది. పాలు విరిగాయి, అంది. ఆయన ఏమీ అనడం లేదు, అంది. ఈ మూడోది వినగానే, పొద్దున్నే బండి తెచ్చెయ్యమన్నాడు మీటరు.

శుక్రవారం పొద్దున షెడ్డు తెరవకముందే బండి వచ్చి నిలబడి ఉంది. మీటరుకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే అంకెలు. తను చూసినప్పుడు పద్నాలుగు, తను చూడనప్పుడు పదకొండు. ఇదేం బ్యాటరీ, మనిషినిబట్టి మొహం మార్చడానికి? పాతికేళ్ళలో ఎన్ని బళ్ళు చూశాడు. బండి అబద్ధమాడదు, ఆడేది బండి తెచ్చినవాడే అని నలుగురికీ చెప్పుకునేవాడు. ఇప్పుడు బండే అబద్ధమాడుతోంది.

తన షెల్ఫు మీది కొత్త బ్యాటరీ దింపి, పాతది తీసేసి అది బిగించాడు. తీగ సన్నంగా ఉందేమోనని లావు తీగ వేశాడు. ఎర్తు తీగ విప్పి, చాసిస్ చట్రం మీద రంగు గీకి మళ్ళీ బిగించాడు. ఫ్యూజు మార్చాడు. చేతికందినదల్లా మార్చాడు. ఇక మార్చడానికి మిగిలింది బావే అని మనసులో అనుకున్నాడు.

తర్వాత బావను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపాడు. ఎక్కుతోంది. బావను నడపమని తను పక్కన కూర్చున్నాడు. ఎక్కుతోంది. అంటే బావ చెయ్యి తగిలితే పోతుందన్న మాటా లేదు. మీటరు ఒకటొకటిగా తీసేసుకుంటూ వచ్చాడు. తను ఒక్కడూ ఉంటే ఎక్కుతుంది. బావ ఉంటే ఎక్కుతుంది. ఇద్దరూ ఉంటే ఎక్కుతుంది. మరి ఎక్కనిది ఎప్పుడు?

షెడ్డులో, తీగ మీద బట్టలు ఆరేస్తున్న అక్క వైపు చూశాడు.

బ్యాటరీ పెట్టె మీదే కదా ఆమె కూర్చునేది. బరువు పడితే లోపల ఏదో తీగ నలుగుతోందేమో. ఈ ఆలోచన రాగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. అక్కను పిలిచి బల్ల మీద కూర్చోమన్నాడు. మీటరు తీగలు బ్యాటరీకి తగిలించి, బావను ఇంజను వేయమన్నాడు.

"కూర్చో అక్కా."

కూర్చుంది. పద్నాలుగు.

"లే."

లేచింది. పద్నాలుగు.

"మళ్ళీ కూర్చో. కాస్త గట్టిగా."

"గట్టిగా కూర్చోవడమేంట్రా," అంది అక్క. కానీ కూర్చుంది. తమ్ముడు చెప్పాడని ఆ చివరన కూర్చుంది, ఈ చివరన కూర్చుంది, మధ్యలో రెండుసార్లు ఎగిరి కూర్చుంది. పద్నాలుగు పాయింటు ఒకటి. బావ అద్దంలోంచి ఇదంతా చూస్తున్నాడు.

"బ్యాటరీకి నీ అక్కంటే పడదని తేలిందా?" అన్నాడు. "ఆ మాట నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి కదా."

మీటరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీటరు తీగలు తీసి చుట్టచుట్టాడు. పాతికేళ్ళలో మొదటిసారి, నాకు అర్థం కావడం లేదు అని ఒక మనిషి ముందు ఒప్పుకోవలసి వచ్చింది. అదీ ఎవరి ముందు.

"నాకు అంతు చిక్కడం లేదు," అన్నాడు. "రేపు మీరెక్కడికెళ్తే అక్కడికి నేనూ వస్తాను. మీరు ఎప్పుడూ ఎలా వెళ్తారో అలాగే వెళ్ళండి. నేనున్నాననుకోకండి."

"రేపు వెళ్ళేది పండ్లాయన దగ్గరికి," అన్నాడు బావ. "అమ్మేసి రావడానికి. వస్తే రా. వచ్చేటప్పుడు ముగ్గురం బస్సెక్కాలి."

అక్క ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇంకా తడి ఆరనేలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మీటరు బండెక్కాడు. లోపల అన్నీ సర్ది ఉన్నాయి. గిన్నెలు సంచిలో, బట్టలు పెట్టెలో, దుప్పట్లు మూటలో. కిటికీ తెరలు కూడా అక్క విప్పి మడిచి పెట్టేసింది. ఇచ్చేసేటప్పుడు మన గుడ్డలు ఎందుకు ఇవ్వడం అంది, ఎవరూ అడక్కుండానే. తెరలు లేని కిటికీల్లోంచి నాలుగు వైపుల నుంచీ వెలుతురు వచ్చి, ఆ బండి ఇప్పటికే ఎవరిదో అయిపోయినట్టుంది.

మీటరు బ్యాటరీ పెట్టెకు ఎదురుగా నేల మీద చతికిలబడి, ఎర్ర తీగ ఎర్రదానికి, నల్ల తీగ నల్లదానికి తగిలించి, మీటరు ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క తలుపేసి వచ్చి బల్ల మీద తన చోట కూర్చుంది. బావ అద్దం సరిచేసుకున్నాడు. ముప్పై మూడేళ్ళ అలవాటు, బస్సులో ఎవరూ లేకపోయినా వెనక్కి ఒకసారి చూస్తాడు. తాళం తిప్పాడు.

ఇంజను తిరిగింది. రిలే టక్కుమంది. పన్నెండు పాయింటు ఏడు నుంచి పదమూడు. పదమూడున్నర. పద్నాలుగు. పద్నాలుగు పాయింటు ఒకటి.

"మెయిన్?" అన్నాడు బావ, అద్దంలోకి చూడకుండానే.

"ఆపాను," అంది అక్క.

బండి కదిలింది. మీటరు ఒళ్ళోని అంకె పన్నెండు పాయింటు ఏడుకు పడిపోయింది.

మీటరు దాన్ని అరచేత్తో తట్టాడు. తీగల కొసలు కదిలాయేమోనని చూశాడు, కదల్లేదు. పెట్టెలో తల దూర్చి రిలే చూశాడు, దాని దీపం వెలుగుతూనే ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది. డైనమో ఇస్తూనే ఉంది. ఇచ్చింది ఎక్కడికి పోతోంది? ఇంత సేపూ ఇక్కడే కూర్చున్నాడు, కన్ను తిప్పలేదు, పిల్లి కూడా అడ్డురాలేదు. కళ్ళ ముందే మాయమైపోయింది. తనకు నిజంగానే పని రాదేమో అనిపించింది. పద్దెనిమిదేళ్ళ కిందట కూడా రాదేమో. ఆ బోర్డు నిజంగా తన చేతిలోనే కాలిందేమో.

అప్పుడు చెవిలో ఇందాకటి మాట మళ్ళీ వినపడింది. పొయ్యి మీద మూత కదిలినట్టు, తలుపు కిర్రుమన్నట్టు, రోజూ వినే చప్పుడులా విని వదిలేసిన మాట.

"అక్కా. ఏం ఆపావు?"

"మెయిన్."

"ఏ మెయిన్?"

అక్క వంగి, కూర్చున్న చోటు నుంచే, బల్ల పక్కనున్న ఎర్ర స్విచ్చిని వేలితో చూపించింది. అది అడ్డంగా తిరిగి ఉంది. బ్యాటరీకి, మిగతా బండి మొత్తానికి మధ్య ఉన్న ఒకే ఒక్క దారి అది. అది ఆపితే ఇంట్లో దీపం వెలగదు, ఫ్రిజ్ తిరగదు, డైనమో ఎంత పోసినా చుక్క లోపలికి రాదు. మీటరు ఆ స్విచ్చిని వారంలో ఇరవైసార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ అది వేసే ఉంది.

"ఎందుకాపావు?"

"ఎందుకేంటి," అంది అక్క, తమ్ముడికి మతిపోయిందేమో అన్నట్టు చూస్తూ. "ఇల్లు వదిలి వెళ్తున్నాంగా."

"ఎక్కడ వదిలాం? ఇంట్లోనే కూర్చున్నాంగా."

అక్క బల్ల వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది, కిటికీలో వెనక్కి పోతున్న షెడ్డు వైపు చూసింది. ఏదో లెక్క తప్పిందని తెలుస్తోంది కానీ ఎక్కడ తప్పిందో తెలియడం లేదు.

బావ బండిని పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. సీట్లో వెనక్కి తిరిగాడు.

"ఆపకపోతే ఎలా?" అన్నాడు. "ఎక్కడికి బయల్దేరినా మెయిన్ ఆపే కదా వెళ్ళాలి."

"అలా అని ఎవరు చెప్పారు?"

"నువ్వే."

మీటరు బావ మొహంలోకి చూశాడు. ఎత్తిపొడుపు కోసం వెతికాడు. ఆ మొహంలో అది ఎక్కడుంటుందో అతనికి బాగా తెలుసు, ఎడమ పెదవి చివర. అక్కడ ఏమీ లేదు.

"నేనెప్పుడు చెప్పాను?"

"బోర్డు కాలిన రోజు. అందరిముందూ నిలబడి చెప్పావు. బావా, ఇకమీదట అరపూట వెళ్ళినా సరే, ఇల్లు వదిలేటప్పుడు మెయిన్ ఆపి వెళ్ళు, ఆపితే ఏమీ కాదు, నాది పూచీ అన్నావు." బావ ఆ మాటలను బస్సులో స్టాపుల పేర్లు చదివినట్టు ఒక్కటి కూడా తప్పకుండా చదివాడు. "ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు. నేనడుగుతాను, మీ అక్క చెబుతుంది. ఇది చెప్పందే నేను అడుగు బయట పెట్టను. బండి కట్టినవాడు మెయిన్ అని రాస్తే, సరే, ఇదే అది అనుకున్నాం. బయల్దేరేటప్పుడు ఆపుతుంది, ఆగగానే మళ్ళీ వేస్తుంది."

మీటరు నేల మీద అలాగే ఉండిపోయాడు. పద్దెనిమిదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాడు, బావ అన్నది. బావ కూడా ఒక మాట మోస్తున్నాడు, తను అన్నది. తనది మర్చిపోయాడు. ఆ రోజు తప్పించుకోవడానికి నోటికొచ్చింది వాగి ఉంటాడు. దాన్ని పట్టుకుని ఈ మనిషి, తన చేతి పనిని పైసాకు కూడా నమ్మని ఈ మనిషి, రోజూ తలుపు దగ్గర నిలబడి అడుగుతున్నాడు. దీనికి సంతోషించాలో ఏడవాలో, ఈ వారమంతా తనను వీధిన పడేసింది తన నోటి మాటే అని నవ్వాలో అతనికి తోచలేదు.

"మరి నేను ఒక్కణ్ణే తీసుకెళ్ళినప్పుడు, నిన్న బావతో వెళ్ళినప్పుడు ఎందుకు ఆపలేదక్కా?" అన్నాడు చివరికి. అది ఒక్కటీ ఇంకా గుచ్చుతోంది.

"నేనెక్కడికీ వెళ్ళలేదుగా," అంది అక్క. "షెడ్డులోనే ఉన్నాను. అప్పుడు ఇల్లే నన్ను వదిలి వెళ్ళింది."

"మరి నిన్న, ఇంజను తిరుగుతుంటే కూర్చో లే అన్నప్పుడు?"

"కూర్చో లే అన్నావు కానీ వెళ్దాం అనలేదుగా."

మీటరు చెయ్యి చాచి ఎర్ర స్విచ్చిని తిప్పాడు. ఒళ్ళోని అంకె లేచింది. వెనక ఫ్రిజ్ గురగురమంది.

"బావా, నువ్వు ఇది ముట్టుకోకు. అక్కనూ ముట్టుకోనివ్వకు," అన్నాడు. "నడిచేటప్పుడు ఇది వేసే ఉండాలి. ఎప్పుడూ."

అక్క చటుక్కున తమ్ముడి వైపు, తర్వాత మొగుడి వైపు చూసింది. బావ ముందుకు తిరిగి స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. రోడ్డు మీద లారీలు పోతుంటే బండి కొంచెం కొంచెం ఊగుతోంది.

"ఎంత?" అన్నాడు.

"పద్నాలుగు పాయింటు ఒకటి."

"బుధవారం, నిన్న కూడా ఇంతే అన్నావు."

"అన్నాను. ఇప్పుడు మనం వెళ్తూ చూద్దాం."

వెళ్ళారు. అరగంటసేపు మీటరు ఐదు నిమిషాలకోసారి అంకె చదివాడు. అది మారలేదు. అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంది, కుడిచెయ్యి పొరపాటున స్విచ్చి దగ్గరకు పోతుందేమోనని. రోడ్డు రెండుగా చీలే చోట బావ బండి ఆపాడు. పండ్లాయన ఊరు ఎడమకు. బావ ఫోను తీశాడు.

పెద్దగా ఏం మాట్లాడలేదు. రావడం లేదండీ అన్నాడు. లేదండీ, రేపు కూడా కాదు అన్నాడు. అవతలివాడు ఏదో గట్టిగా అడిగినట్టున్నాడు. బావ కాసేపు విని, "ఇల్లు అమ్మడం లేదండీ," అని పెట్టేశాడు.

అక్క మూట విప్పి తెరలు బయటికి తీసింది. ఒకటి కిటికీకి కట్టబోయి, ఆగి, మళ్ళీ మడిచి పెట్టింది. ఇప్పుడే కాదులే అనుకుందేమో.

తిరిగి షెడ్డు దాకా దింపుతామన్నారు. మీటరు వద్దన్నాడు. కుడివైపు రోడ్డు ఖాళీగా ఉంది, వెళ్ళండి, నేను ఏదో బస్సు పట్టుకుంటాను అన్నాడు. దిగి తలుపు దగ్గర నిలబడితే అక్క వంగి అడిగింది.

"మరి మెయిన్ ఎప్పుడాపాలి రా?"

"ఇల్లు వదిలినప్పుడు."

"ఇల్లెప్పుడు వదులుతాం? ఇది మనతోనే వస్తోందిగా."

మీటరు చెప్పబోయాడు. దిగి దూరంగా వెళ్ళినప్పుడు అందామనుకున్నాడు. ఎంత దూరం అంటే ఏం చెప్పాలి? కూరగాయల కొట్టుకు వెళ్తే? రాత్రి అద్దె గదికి వెళ్ళి పడుకుంటే? అప్పుడు ఏది ఇల్లు? అతనికే తికమకగా అనిపించింది.

"నువ్వసలు ఆపకు," అన్నాడు. "నేను ఆలోచించి చెబుతాను."

బండి కదిలేముందు బావ గొంతు వినపడింది. "మెయిన్?" తర్వాత అక్క, పరీక్షలో బదులు తెలియని పిల్లలా, "ఉంది," అంది. బండి కుడికి తిరిగి వెళ్ళిపోయింది.

బస్సు కోసం నిలబడి, అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టినప్పుడు తెలిసింది. మీటరు లేదు. బ్యాటరీకి తగిలించి బండిలోనే వదిలేశాడు. పాతికేళ్ళలో ఆ జేబు ఖాళీగా ఉన్నది ఇదే మొదటిసారి. ఫోను చేసి వెనక్కి రమ్మందామా అనుకుంటుండగానే ఫోను మోగింది.

"పద్నాలుగు పాయింటు ఒకటి," అంది అక్క. "మంచిదేనా?"

"మంచిదే."

"నీ మీటరు ఇక్కడే ఉండిపోయింది."

"తెలుసు. ఉంచుకో."

బస్సులో కూర్చున్నాక మళ్ళీ మోగింది. పద్నాలుగే. టిక్కెట్టు తీసుకుంటుంటే మోగింది. పద్నాలుగు పాయింటు రెండు, ఎక్కువైందా? ఎక్కువ కాలేదు, మంచిదే. షెడ్డు దగ్గర దిగేసరికి మోగింది. ఈసారి అక్క గొంతు కాదు.

"పదమూడు పాయింటు ఎనిమిది," అన్నాడు బావ. "తగ్గింది. ఇదేంటి?"

"బ్యాటరీ నిండొస్తోంది బావా. నిండితే తగ్గుతుంది."

"తగ్గితే మంచిదా?"

"మంచిదే."

"ఎక్కువైనా మంచిదే, తగ్గినా మంచిదే," అన్నాడు బావ. "నాకేం అర్థం కావడం లేదోయ్." పెట్టెయ్యలేదు. ఫోనులో ఇంజను చప్పుడు, దాని వెనక ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తూ ఉన్నాయి.